పిచ్చుక తలుపు చప్పుడు

కంపెనీకి అరవై ఏళ్ళు నిండబోతున్నాయి. ఆ సందర్భానికి ఒక పుస్తకం తేవాలని పెద్దలు నిశ్చయించారు. సగం పుస్తకం కంపెనీ చరిత్ర, మిగతా సగం బండ్లు కొన్నవాళ్ళ మాటలు. ఆ భారం ప్రచార విభాగంలో మూలబల్ల దగ్గర కూర్చునే ఆమె నెత్తిన పడింది. అచ్చుతప్పు కనిపిస్తే నిద్రపట్టని మనిషి కనుక తోటివాళ్ళు ఆమెకు కామా అని పేరు పెట్టారు. ఆమె కూడా ఆ పేరుకే పలికేది.

చరిత్ర ఆమెకు కంఠతా వచ్చు. రేకుల షెడ్డులో నీళ్ళ పంపులు చేసుకునే ఒకాయన, పంపులు అమ్ముడుపోని ఒక వానాకాలంలో ఊరికే కూర్చోలేక, పంపు ఇంజనుకు నాలుగు చక్రాలు తగిలించాడు. కంపెనీ పుట్టుక అదే. ఆ మొదటి బండికి వెనక్కి నడిచే గేరు లేదు. వెనక్కి వెళ్ళాలంటే దిగి తోసుకోవాలి. దాన్ని కొన్న డాక్టరుగారు ఉత్తరం రాశారు: "ఈ బండి వెనక్కి పోదు గనుక నేనూ వెనక్కి తగ్గడం మానేశాను."

ఎనిమిదో ఏట పిచ్చుక వచ్చింది. బుల్లి బండి, గుండ్రటి బండి. ముందు ఇద్దరూ, వెనక ఇద్దరూ, వాళ్ళ మధ్య ఒక తగువూ పట్టేంత బండి. అమ్మిన ప్రతి పిచ్చుకలోనూ ఒక కార్డు పెట్టి ఇచ్చేవారు. కార్డు మీద బండి నంబరూ, అది తయారైన నెలా ముద్రవేసి ఉండేవి. కింద ఒక్క వాక్యం: మీ బండి గురించి నాలుగు మాటలు రాయండి. జనం నాలుగు మాటలతో ఊరుకోలేదు. పన్నెండు పెట్టెల నిండా రాశారు.

ఆమె ఆ పెట్టెలను ఒక్కొక్కటే విప్పి చదివింది. చలికాలం పొద్దున బండి కదలాలంటే ముందు దాన్ని బతిమాలాలనీ, తన భార్య బతిమాలితేనే కదులుతుందనీ ఒక బడిపంతులు రాశాడు. నలుగురు పిల్లలూ ఈ బండిలోనే నడవడం నేర్చుకున్నారని, ఇంట్లో అంత చోటు లేదని ఒక తల్లి రాసింది. కామా నవ్వుకుంటూ చదివింది, కళ్ళు తుడుచుకుంటూ చదివింది. చదివిన వాటిలో మంచివి ఏరి సాయంత్రం ఇంటికి తెచ్చేది, పెదనాన్న కోసం.

ఆమె నాలుగో ఏట తండ్రి పోతే, తల్లినీ బిడ్డనూ తన ఇంటికి తెచ్చుకున్న మనిషి ఆయన. ఇప్పుడు ఎనభై ఏళ్ళు. ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు పిచ్చుకలకు తలుపులు బిగించాడు. అక్కడ ఆయన పేరు చెవి మేస్త్రీ.

ఆ పేరుకో కారణం ఉంది. తలుపు కీళ్ళకు బిగించాక, దాని నాలుక వచ్చి పట్టుకునే కొక్కెం ఒకటి తలుపు పక్క స్తంభానికి ఉంటుంది. ఆ కొక్కెం వెంట్రుకంత లోపలికి జరిగితే తలుపు మొరాయిస్తుంది. వెంట్రుకంత బయటికి జరిగితే వాన లోపలికి వస్తుంది. సరైన చోటు కొలబద్దకు అందదు, చెవికే అందుతుంది. రెండు వేళ్ళతో నెడితే తలుపు గొంతు తగ్గించి ధప్‌మనాలి, ఆ తర్వాత ఏమీ వినిపించకూడదు. అందుకే ఆయన చెయ్యెత్తితే వరస వరసంతా ఆగేది. ఎనభైమంది సుత్తులు దించి, మరలు వదిలి, ఊపిరి బిగబట్టి నిలబడేవారు. ఆయన తలుపు వేసేవాడు, వినేవాడు, చెయ్యి దించేవాడు. మళ్ళీ గోల మొదలయ్యేది. రోజుకు నలభైసార్లు అంత పెద్ద షెడ్డు ఒక్క మనిషి చెవి కోసం మౌనం పట్టేది.

ఆ చెవులు ఇప్పుడు పనిచేయవు. వినికిడి యంత్రం పెట్టుకోమంటే తేనెటీగలు దూరినట్టుందని తీసి డబ్బాలో పడేస్తాడు. ఆమె పలకమీద రాసి చూపించాలి. పుస్తకంలో ఆయన ఫొటో ఒక పూర్తి పేజీ వేస్తున్నారని రాసినప్పుడు, పలక చేతిలోకి తీసుకుని రెండుసార్లు చదివాడు. "ఎడమవైపు నుంచి తీసింది వెయ్యమను. కుడివైపు ముక్కు పెద్దగా కనపడుద్ది," అన్నాడు, వీధి చివరిదాకా వినపడేంత గొంతుతో.

ఇరవై రెండేళ్ళ కిందటి పెట్టె విప్పిన రోజున ఆమె చేతులు ఆగాయి.

అది ఆయన పనిచేసిన చివరి సంవత్సరం. అప్పటి కార్డుల నిండా తలుపులే. కంపెనీ రికార్డుల్లో దీని సంగతి ఒక్క వాక్యంలో ఉంది: ఆ ఏడాది తలుపు అంచున వేసే రబ్బరు పట్టీలు గట్టిగా రావడంతో తలుపులు బిగుసుకున్నాయి, పట్టీలు తయారుచేసే చిన్న కార్ఖానాను మార్చి లోపం సరిదిద్దాం. ఆమె కూడా ఆ వాక్యాన్ని తన చిత్తుప్రతిలోకి ఎత్తి రాసుకుంది. కార్డులను బండి తయారైన నెలల వారీగా బల్లమీద పరిచాక ఆ వాక్యం నిలబడలేదు.

మొదటి నెల బండి కొన్నతను తలుపు కాస్త బిగువన్నాడు, అంతే. మూడో నెల బండి గురించి ఒక దర్జీ, భుజం ఆనించి నెట్టాలన్నాడు. అయిదో నెల బండి గురించి ఒక గుమాస్తా మరీ వివరంగా రాశాడు: "మా ఆవిడ తలుపు ధడాలున వేస్తుంటే నామీద కోపం కాబోలనుకుని రెండు నెలలు బతిమాలాను. తప్పు బండిదని తేలేసరికి ఆవిడకు అలవాటైపోయింది." ఆరో నెలలో కంపెనీ రబ్బరు కార్ఖానాను మార్చింది. కొత్త పట్టీలు వచ్చాయి. అయినా ఏడో నెలలో చప్పుడు పెరిగింది, ఎనిమిదో నెలలో ఇంకా పెరిగింది. తొమ్మిదో నెల బండి కొన్న మంత్రసాని రాసింది: "నా తలుపు చప్పుడు మూడు వీధులు దాటుతుంది. నొప్పులు పడుతున్న అమ్మాయిలు అది వినగానే అదిగో వచ్చేసిందంటారట. దీన్ని దయచేసి బాగుచేయకండి."

పదో నెల నుంచి ఒక్క ఫిర్యాదు లేదు. తొమ్మిదో నెల ఆఖరున పెదనాన్న ఉద్యోగ విరమణ చేశాడు.

ఆ ఏడాదే ఇంట్లో రేడియో గొంతు పెరిగింది. ఆ ఏడాదే ఆయన కంపెనీ నుంచి సొంతానికి ఒక పిచ్చుక కొనుక్కున్నాడు. పదకొండేళ్ళ పిల్లగా తను ఆ తలుపును ఒళ్ళంతా ఊపి వేసేది. కార్ల తలుపులన్నీ అంతేననుకుంది.

ప్రచార అధికారికి చెబితే ఆయన తల ఎగరేశాడు. తను ఆ రోజుల్లో ఇక్కడ లేడట, రబ్బరువాడు ఇప్పుడు గుర్తుపెట్టుకుని ఉండడట, అయినా ఇది పుట్టినరోజు పుస్తకమా లేక నేరాంగీకారమా అట. చివరికి కాస్త మెత్తబడి అన్నాడు: "చూడమ్మా కామా, ఆ కట్ట పక్కన పెట్టెయ్. పెద్దాయన ఫొటో అందంగా వేద్దాం. ఆయనకీ అదేగా కావలసింది."

ఆమెకు కావలసింది కూడా అదే. ఆ సంగతే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. ఆ కట్టకు దారం చుట్టి సంచీ అడుగున దాచింది.

చెవులు పోయినంత మాత్రాన పెదనాన్నకు లెక్క పోలేదు. ఇంటికి తెచ్చిన కార్డుల్లో ఏడాది ఏడాదీ చూసుకుంటూ వచ్చి, "నా ఆఖరేడాది కట్ట ఏదే?" అన్నాడు. ఇంకా దొరకలేదని పలక మీద రాసింది. మర్నాడు మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే రాసింది. ఆయన పలక వంక చూడకుండా ఆమె ముఖం వంక చూశాడు.

"చిన్నప్పుడు గ్లాసు పగలగొట్టి కూడా ఇదే మొహం పెట్టేదానివి," అన్నాడు. "తీసుకురా అమ్మడూ."

తెచ్చి ఇచ్చింది. ఆయన భూతద్దం పట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు. ఆమె వంటింట్లోకి పోయి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. గంట గడిచాక తొంగిచూస్తే కార్డులు నేలమీద తొమ్మిది వరసలుగా పరిచి ఉన్నాయి. ఎవరూ చెప్పకుండానే ఆయన వాటిని నెలల వారీగా పేర్చుకున్నాడు. ఆరో వరసకూ ఏడో వరసకూ మధ్య భూతద్దం నిలబెట్టి, దాన్నే చూస్తున్నాడు.

"నాకు వినపడలేదే," అన్నాడు. ఆ ఒక్కసారి ఆయన గొంతు చిన్నదైంది. "చెయ్యెత్తితే అంతమంది ఆగేవాళ్ళు. అందరూ నా మొహంకేసి చూసేవాళ్ళు. అంత నిశ్శబ్దం ఇచ్చినోళ్ళకి ఏమీ వినపడలేదని ఎట్లా చెప్పను? వినపడేదాకా కొక్కెం లోపలికి జరిపి బిగించాను."

ఆమె పలక అందుకుంది. రబ్బరు అని రాసి ఆగిపోయింది.

"నేనే చెప్పాను," అన్నాడాయన. "అడిగారు. రబ్బరు గట్టిదన్నాను. అబద్ధమాడలేదమ్మా, నిజంగానే అనుకున్నా. చెవి మేస్త్రీ అన్నాడంటే ఇంకెవరు అడ్డొస్తారు? ఆ రబ్బరాయన పట్టీలు చేతబట్టుకుని గేటు దగ్గర మూడు రోజులు నిలబడ్డాడు. ఒక్కసారి నొక్కి చూడమన్నాడు. నేను చూడలేదు."

ఆమె రబ్బరు అన్న మాట చెరిపేసింది. తర్వాత ఆమె రాసింది, నీ ఫొటో పేజీ పోతుంది పెదనాన్నా అని. ఆయన చదివి, అరచేత్తో పలక తుడిచేశాడు.

"ముక్కు ఎటూ పెద్దదేగా. పోనీ," అన్నాడు. "జరిగింది జరిగినట్టు రాయి. కానీ ముందు ఆయనకి నేను చెప్పాలి. పుస్తకంలో చదివి తెలుసుకోకూడదు."

రబ్బరాయన ఇంకా ఉన్నాడు, కార్ఖానా కూడా ఉంది. మర్నాడు ఉదయం ఆ పాత పిచ్చుకలోనే వెళ్ళారు. ఆమె నడిపింది. ఆయన ఒళ్ళో పనిముట్ల సంచీ పెట్టుకుని కూర్చున్నాడు. సంచీ ఎందుకని ఆమె అడగలేదు.

ఒకప్పుడు పట్టీలు చేసిన చోట ఇప్పుడు చేతికర్రల అడుగున తొడిగే రబ్బరు తొడుగులు చేస్తున్నారు. నలుగురు పనివాళ్ళు, రెండు అచ్చుయంత్రాలు, కాలిన గంధకం వాసన. బండి దిగి తలుపు వేసేసరికి ఆ చప్పుడుకు లోపలి నుంచి ఒకాయన బయటికి వచ్చాడు. డెబ్భై ఏళ్ళుంటాయి, వేళ్ళ కొసలు నల్లగా ఉన్నాయి. ముందు బండిని చూశాడు, తర్వాత మనిషిని చూశాడు. కూర్చోమనలేదు.

పెదనాన్న నిలబడే చెప్పాడు. చుట్టూ తిప్పకుండా చెప్పాడు: వినపడకపోవడం, బిగించడం, రబ్బరు మీదికి తోయడం, గేటు దగ్గర ముఖం తిప్పుకోవడం. అలవాటుకొద్దీ గట్టిగా చెప్పాడు కనుక పనివాళ్ళంతా విన్నారు. పెదనాన్న మాట అయ్యాక రబ్బరాయన లోపలికి వెళ్ళిపోయాడు. ఇక రాడేమోనని ఆమె అనుకుంది. ఆయన అట్ట బొత్తి ఒకటి తెచ్చి బండి ముందుభాగం మీద విప్పాడు. అందులో అరచేతి పొడవున కోసిన పట్టీ ముక్కలు, ఒక్కోదాని కింద పెన్సిలు రాత.

ఆమెతోనే మాట్లాడాడు. "గంధకం తగ్గించి చూశానమ్మా. మసి పెంచి చూశాను. ఆవిరి మార్చాను, అచ్చు మార్చాను. తప్పెక్కడుందో దొరికితే కదా దిద్దుకోడానికి. ఆరేళ్ళు వెతికాను. మా నాన్న చెప్పిన పాళ్ళే తప్పనుకుని ఆయన్ని కూడా తిట్టుకున్నాను." మొదటి ముక్క తీసి పెదనాన్న చేతిలో పెట్టాడు. "ఇప్పుడన్నా నొక్కమనండి."

పెదనాన్న నొక్కాడు. బొటనవేలితో, నెమ్మదిగా, వదిలిపెడుతూ, మళ్ళీ నొక్కుతూ. పట్టీ దిగింది, తిరిగి లేచింది. "మంచి రబ్బరు," అన్నాడు. "మెత్తటి రబ్బరు."

పుస్తకంలో మీవైపు నుంచి ఏం రాయమంటారని ఆమె అడిగింది. రబ్బరాయన ముక్కలను ఒక్కొక్కటే సర్దుకుంటూ చెప్పాడు: "మీ పెదనాన్న గురించి మీరేం రాసుకుంటారో మీ ఇష్టం. రబ్బరు మంచిదని రాయండి. అది చాలు."

రాస్తానని ఆమె మాట ఇచ్చింది. అధికారి ఏమంటాడో ఆమెకు తెలుసు. ఆ వాక్యం లేకపోతే పుస్తకం మీద తన పేరు కూడా ఉండదని ఆయనకు చెప్పాలని అక్కడే నిశ్చయించుకుంది. అందుకు మాటలు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి.

ఇక బయలుదేరడమే అనుకుంటుండగా పెదనాన్న సంచీ విప్పి, మోకాలు నేలకానించి, బండి స్తంభం దగ్గర కూర్చున్నాడు. కొక్కెం మరలు వదులు చేశాడు. ఆ పని చూస్తూ రబ్బరాయన కాసేపు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇంకొంచెం బయటికి," అన్నాడు. వినపడదని గుర్తొచ్చి, ముందుకు వచ్చి ఆయన భుజం తట్టి, వేలితో చూపించాడు.

పెదనాన్న తలెత్తి చూశాడు. తర్వాత వెంట్రుకంత బయటికి జరిపి మర బిగించి లేచాడు. చెయ్యి దానంతట అది పైకి లేవబోయి సగంలో ఆగింది. ఆయన దాన్ని దించేసి, రబ్బరాయన వైపు తిరిగాడు.

రబ్బరాయనే చెయ్యెత్తాడు. లోపల యంత్రాలు ఆగాయి. నలుగురు పనివాళ్ళూ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

రెండు వేళ్ళతో పెదనాన్న తలుపు నెట్టాడు. ఆ నిశ్శబ్దంలో ఏం జరిగిందో ఆయనకు తెలియదు. ఎదుటి మనిషి ముఖం వంకే చూస్తూ, ఆ చెయ్యి దిగేదాకా కదలకుండా నిలబడ్డాడు.