భీమడోలు పట్టీ

ఏలూరు డాక్టరు చెప్పింది పసిపిల్లాడికైనా అర్థమవుతుంది. పొత్తికడుపు గోడకి చిల్లు పడింది, పేగు బయటికి తోసుకొస్తోంది, కుట్టాలి. ఆ పేగు అందులో ఇరుక్కుందో, ప్రాణానికే ముప్పు. వీరరాఘవులుకు మాత్రం అర్థం కాలేదు. తాడేపల్లిగూడెంలో బియ్యం కొట్టు నడిపే ఘనుడు మరి!

"ఆపరేషనుకి తేదీ అడిగొస్తా" అంటూ ఏలూరు రైలెక్కడం, మధ్యలో భీమడోలులో దిగిపోవడం. అక్కడొక పసరువైద్యుడు ఉబ్బు మీద ఆకుముద్ద మెత్తి, పైన రూపాయి బిళ్ళ పెట్టి, గుడ్డపట్టీ బిగిస్తాడు. నవ్వకూడదట, తుమ్మకూడదట! మూడు నెలలుగా ఇదే భాగోతం. భార్య రత్నాంబకు ఒళ్ళు మండిపోయేది.

"మీ పొట్టేమైనా హుండీ అనుకున్నాడా అండీ, రూపాయి వేస్తున్నాడు?"

"నీకన్నీ వెటకారాలే. కత్తి పెట్టకుండా నయం చేస్తానంటున్నాడు కదా!"

నయం సంగతి దేవుడెరుగు, నిమ్మకాయంత ఉబ్బు బత్తాయంత అయింది. ఆయన దగ్గినప్పుడల్లా రత్నాంబకు గుండె ఆగినంత పనయ్యేది. భయమని చెబితే వినే రకమా? అందుకే దెప్పేది.

బుధవారం పొద్దున్న కొట్టులో సరుకు దించుతుంటే ఒక బస్తా చిరిగి బియ్యం కారింది. ముఠా కూలీ కృపావరం చిరుగు మీద టేపు అంటించి, పైన తాడు బిగించాడు.

వీరరాఘవులు గయ్యిమన్నాడు. "బుద్ధుందా నీకు? లోపల్నించి తోసుకొచ్చే సరుకు పట్టీ వేస్తే ఆగుద్దా? దబ్బనం తే. కుట్టు. దగ్గర దగ్గరగా వెయ్యి!"

గల్లాపెట్టె దగ్గర కూర్చున్న రత్నాంబ లేచింది.

"ఏవండీ, ఆ మాటే ఇంకోసారి అనండి."

ఆయన చెయ్యి దానంతటదే నడుం పట్టీ మీదికి పోయింది.

"ఆ తెలివంతా గోనెసంచులకేనా అండీ? మీ ఒంటికి పనికిరాదా?"

"మా నాన్న ఆపరేషను బల్ల మీదే పోయాడు రత్నం," అన్నాడు నేలచూపులు చూస్తూ. "నాకు భయం."

మూడు నెలల్లో ఆయన నోట వచ్చిన మొదటి నిజం అది.

"ఆ ముక్క మొదటే ఏడవచ్చుగా! నేనూ వచ్చేదాన్నిగా!" అని కసిరి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది రత్నాంబ.

మర్నాడు ఇద్దరూ ఎక్కిన ఏలూరు రైలు భీమడోలులో ఆగింది. రత్నాంబ ఆయన చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అక్కర్లేకపోయింది, వీరరాఘవులు లేవలేదు. రైలు కదిలాక, పట్టీలోంచి తీసిన రూపాయి బిళ్ళ ఆమె చేతిలో పెట్టాడు.

"డాక్టరుగారితో చెప్పవే," అన్నాడు. "కుట్లు దగ్గర దగ్గరగా వెయ్యమని."