పొడుగు హారన్

నెలకోసారి ఎర్మిండా పికప్‌లో ఇంజనాయిల్ చూసుకుని, ఫ్లాస్కులో టీ పోసుకుని, రొట్టెల్లో అవకాడో పెట్టుకుని సముద్రపొడ్డున ఉన్న తాల్తాల్ నుంచి ఒంటరిగా ఎడారిలోకి ఎక్కేది. ఊరు దాటాక గడ్డిపరక కూడా ఉండదు. గోధుమరంగు కొండలు, వాటి వెనక ఇంకా గోధుమరంగు కొండలు. దారి పక్కన అక్కడక్కడా, మనుషులు పోయినచోట కట్టిన చిన్న చిన్న గూళ్ళు. దాటేటప్పుడు అందరూ హారన్ కొడతారు. గూట్లో ఉన్న చనిపోయిన మనిషి తిరిగి కొడతాడు. అది మర్యాద.

మొగుడు నిబాల్డో లారీ బోల్తాపడి పోయాడు. అతని గూటి దగ్గర ఎర్మిండా ఏనాడూ హారన్ కొట్టలేదు. బతికుండగా వీధి మొదట్లోంచే పొడుగ్గా కొట్టేవాడు: లారీ వస్తోంది, నీ బండి పక్కకి తియ్యి అని. ఇప్పుడూ ముందు అతనే కొట్టాలని ఆమె పట్టుదల. దిగి, దుమ్ము తుడిచి, నీళ్ళసీసా పెట్టి, కాసేపు తిట్టి వచ్చేసేది.

ఈసారి వెళ్ళేసరికి గూడు తుడిచే ఉంది. సీసా నిండుగా ఉంది. పైగా ఊదారంగు కాగితప్పూలు. ఆ రంగు అతనికిష్టమని తనకే పెళ్ళయిన చాలాకాలానికి గాని తెలియలేదు.

ఎదుటి హోటల్లో కోడిపులుసు వడ్డిస్తూ ముసలి ఎల్బా చెప్పింది. నీలం లారీ నడిపే యాస్నా వచ్చిపోతుందట. ఆమె కొడితే అతను రెండు పొట్టి హారన్లు కొడతాడట, పిట్ట కూసినట్టు. అతను బతికున్నప్పుడు వాళ్ళిద్దరి సంగతేమిటో తను అడగలేదంది.

"పిట్టలానా?" అంది ఎర్మిండా.

"నువ్వు కొట్టవు కదమ్మాయ్. పిలవకుండా ఎవరు పలుకుతారు?"

"పెళ్ళాన్ని. నేను పిలవాలా?"

పులుసు వదిలేసి లేచింది. గునపంతో గూటిని పెకలించి పికప్ వెనక వేసి తాళ్ళతో కట్టింది. ఇంటికి తీసుకెళ్ళి కోళ్ళగంప పక్కన పెట్టుకుంటుంది. ఆ నీలం లారీ ఇక గాలికి హారన్ కొట్టుకోనీ. పిట్టట, పిట్ట.

సముద్రం దగ్గరపడే మలుపుల్లో పొగమంచు కమ్మింది. కోపంలో వేగం తగ్గించలేదు. ఉన్నట్టుండి వెనక గూట్లోంచి హారన్ మోగింది. పొట్టిగా ఒకటి, ఇంకోటి.

నా బండిలో కూర్చుని దాన్ని పిలుస్తావా అని ఆమె పళ్ళు నూరుతుండగానే మరోటి మోగింది. పొడుగ్గా, ఆగకుండా, వీధంతా లేచేలా. ఇన్నేళ్ళ అలవాటు. చేతులు వాటంతటవే బండిని పక్కకి తిప్పేశాయి.

మలుపు కోసుకుంటూ వచ్చిన నీలం లారీ, అంతకుముందు తనున్న చోటునుంచే దూసుకుపోయి, కీచుమంటూ లోయ అంచున ఆగింది.

యాస్నా దిగింది. పొట్టివి రెండూ వినే బ్రేకు తొక్కానంది, లేకపోతే లోయలో ఉండేదాన్నంది. పికప్‌లోని గూటిని చూశాక గొంతు మారింది.

"ఆ పొడుగుది ఎవరికి, సెన్యోరా? నాకెప్పుడూ అలా కొట్టలేదు."

ఎర్మిండా ఫ్లాస్కు తీసి టీ పోసుకుంది. ఆమెకీ పోసింది, సగం కప్పు.

"మా వీధివాళ్ళని అడుగు," అంది.