కడుపునొప్పికి పదిహేడు ప్రశ్నలు

కడుపునొప్పి అని పిల్లను తీసుకొస్తే మందిచ్చి పంపాలా, ఇంటి గుట్టంతా లాగాలా? తమిళనాడులోని గుడియాత్తం బజారులో లుంగీల కొట్టు నటేశన్ భార్య అమ్మణికి ఒళ్ళు మండిపోయింది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో నర్సు తంగమ్మ, పదేళ్ళ కోకిల పొట్ట నొక్కి చూసి, అంతటితో ఊరుకోక ఒక కాగితం తీసింది. మనసు గురించి పదిహేడు ప్రశ్నలట. వచ్చిన పిల్లలందరినీ అడుగుతారట.

‘ఈ సర్కారోళ్ళు ఎలక్షనొస్తే మిక్సీ ఇచ్చిరి, గ్రైండరు ఇచ్చిరి. ఇప్పుడు పిల్లోళ్ళ మనసులో దూరతారా?’ అనుకుంది అమ్మణి. ఆ కాగితం ఎక్కడికి పోతుందో ఆమెకు తెలియదా! తన తమ్ముడు సుందరాన్ని ఒకే ఒక్కసారి వేలూరులో మనసు డాక్టరుకు చూపించారు. తిరిగొచ్చి బస్సు దిగేలోపే బజారు వాడికి మెంటల్ అని పేరు పెట్టేసింది. నలభై దాటినా పిల్లనిచ్చిన పాపాన పోలేదు ఎవరూ. రేపు కోకిలకూ అదే గతి పడితే?

“రాత్రి బాగా నిద్ర పడుతుందా, పాపా?” నర్సు తమిళంలో అడిగింది.

కొట్టుకొచ్చిన తమిళ బేరగాళ్ళ ఎదుటే, ఎంతకు వదలాలో మొగుడూ పెళ్ళాలు తెలుగులో తేల్చుకోవడం ఆ ఇంటి అలవాటు. అమ్మణి నవ్వు మొహంతోనే కూతురికి తెలుగులో చెప్పింది. “పడతాదను. కూచోని ఏడ్చేది చెప్పొద్దు.”

“పడుతుంది,” అంది కోకిల తమిళంలో.

“బడికి పోవాలంటే భయమా?”

“లేదను. పొద్దున్నే కక్కుకునేది ఈమెకెందుకు?”

“లేదు.”

నర్సు రాసుకుంటూ పోయింది. భలే, తొందరగా అయిపోతోంది అనుకుంది అమ్మణి.

“నేను లేకుండా పోతే బాగుండు అని ఎప్పుడైనా అనిపించిందా?”

ఛీ, పసిపిల్లను అడిగే మాటేనా ఇది! అమ్మణి కసురుకోబోయింది. ఇంతలో కోకిల తల్లి కొంగు పట్టి లాగి, మెల్లగా తెలుగులో అడిగింది.

“అమ్మా, దీనికి గూడా లేదనే చెప్పాల్నా?”

అమ్మణి కూతురి వైపు తిరిగింది.

నర్సుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పెన్ను పట్టుకుని ఎదురుచూస్తోంది. అమ్మణి ఊఁ అంటే చాలు, కాగితం మీద ఇంకో ‘లేదు’ పడుతుంది, తల్లీకూతుళ్ళు ఇంటికి పోతారు. బజారుకు ఏమీ తెలియదు.

కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది అమ్మణి.

“సిస్టరమ్మా, ఇంతసేపూ చెప్పినవన్నీ అబద్ధాలు. నేనే చెప్పించినాను,” అంది తమిళంలో. “ఇంకో కాగితం తియ్యమ్మా.”