సలహా ఇవ్వని ఉద్యోగం

పోర్ట్‌లాండ్‌లో ఇరవై రెండేళ్ళు ఆడవాళ్ళ జుట్టు కత్తిరించిన డార్లీన్‌కి కత్తెర కంటే నోరు పదును. ఎవరు మొగుణ్ణి వదిలెయ్యాలో, ఎవరు అత్తగారికి కేకు పంపాలో కుర్చీ వెనక నిలబడే తేల్చిపారేసేది. అలాంటి మనిషి యాభై దాటాక సెలూను అమ్మేసి, మనసు కుదుటపడటానికి మత్తెక్కించే పుట్టగొడుగుల టీ (అక్కడ అది చట్టబద్ధమే) తాగేవాళ్ళ పక్కన కూర్చుని, మత్తు దిగేదాకా వాళ్ళని కనిపెట్టుకుని ఉండే పని నేర్చుకుంది. ఆ పనిలో సలహా ఇవ్వడం మహాపాపం. ఆ మత్తులో మనిషి ఏం చెప్పినా నమ్మేస్తాడు మరి.

శిక్షణలో ఇప్పటికే రెండుసార్లు నోరు జారింది. "ఇంకోసారి జారావో, సంతకం పెట్టను," అంది పని నేర్పే సోల్వే. ఆ సంతకం లేనిదే లైసెన్సు రాదు.

ఆ ఉదయం వెండెల్ అనే ముసలి లారీ డ్రైవరు వచ్చాడు. తమ్ముడితో పదకొండేళ్ళుగా మాటల్లేవట. టీ తాగి, కళ్ళకు గంత కట్టుకుని పడుకున్నాడు. రెండో గంటలో ఏడుపు అందుకున్నాడు.

"వాడికి ఫోన్ చెయ్యనా, వద్దా? చెప్పు తల్లీ!"

చెయ్యవయ్యా మహానుభావా అన్న మాట డార్లీన్ పళ్ళదాకా వచ్చింది. మూలనుంచి సోల్వే కళ్ళార్పకుండా చూస్తోంది.

"మీకేమనిపిస్తోంది?" అంది డార్లీన్.

"తెలిస్తే నిన్నెందుకు అడుగుతా?"

డార్లీన్ అతని దుప్పటి సర్దుతూ కూర్చుంది. సలహా ఇవ్వకపోతే ప్రాణం పోతున్నట్టే ఉంది. చాలాసేపటికి వెండెల్ నవ్వాడు. "వాడికి ఈల వెయ్యడం నేర్పింది నేనే. చేస్తాలే. ఇవాళ కాదు, ఆదివారం."

సాయంత్రం సోల్వే సంతకం పెట్టింది. డార్లీన్‌కి గంతులెయ్యాలనిపించింది. ఇద్దరూ కార్ల దగ్గరికొచ్చారు. సోల్వే తలుపు తీయబోయి ఆగింది.

"నా కూతురు నాతో మాట్లాడి రెండేళ్ళయింది. సెలూన్లో అంతమందికి చెప్పావు కదా, నాకూ చెప్పవే. ఏం చెయ్యను?"

డార్లీన్ నోరు తెరిచింది. ఇరవై రెండేళ్ళ సలహాలూ ఒక్కసారిగా తోసుకొచ్చాయి. మూసేసుకుంది.

"మీకేమనిపిస్తోంది?"

"నీ దుంప తెగ! నా పాఠం నాకే అప్పజెబుతావా?"

చినుకులు మొదలయ్యాయి. ఇద్దరూ టోపీలు ముందుకు లాక్కుని అక్కడే నిలబడ్డారు. సోల్వే కాసేపు సణిగింది, కాసేపు కళ్ళు తుడుచుకుంది, చివరికి ఫోన్ తీసింది. అవతల రింగవుతుంటే పక్కనున్న డార్లీన్ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అమ్మా?" అంది ఫోన్లో గొంతు.