గుడ్డు చూపించమన్నారు

మంగళవారం పొద్దున తొమ్మిదింటికి క్రేను వస్తుందని బిల్డింగు తలుపు మీద కాగితం అంటించారు. ఆరో అంతస్తు బయట, మంటలొస్తే దిగే ఇనపమెట్ల మీదున్న చెత్త తీసేసి రంగు వేస్తారట. వాళ్ళు చెత్త అన్నది ఎర్రతోక డేగల గూడు. ఇరైదా కోటో మూడేళ్ళుగా, చలి తగ్గీ తగ్గక ముందే, ఆ గూటికింద పేవ్‌మెంటు మీద మడతకుర్చీ వేసుకుని కూర్చుంటోంది. ముప్పై ఏళ్ళు బ్రూక్లిన్ వీధుల్లో స్కూలు బస్సు నడిపిన మనిషి. ఆమె మేనేజర్లకు భయపడే రకం కాదు.

"గుడ్డుంటే గూడు ముట్టుకోకూడదు. అది చట్టం," అంది సోమవారమే, మేనేజరు విటాకర్ కారు తలుపు మూయనివ్వకుండా.

"ఉంటే కదా! మావాళ్ళు డాబా మీంచి చూశారు. పుల్లలు తప్ప ఏం లేవు."

"మీ డాబా మీంచి ఆ పుల్లలే కనిపిస్తాయి. ఆదివారం నుంచి ఆడది లేస్తే మగది కూర్చుంటోంది, మగది లేస్తే ఆడది కూర్చుంటోంది. ఖాళీ గూట్లో వంతులేసుకుని కూర్చోడానికి వాటికేం పని లేదా?"

"మీరన్నారని ఆపలేనమ్మా. గుడ్డు చూపించండి, ఆపేస్తాను."

నగరం ఆఫీసుకు ఫోను చేస్తే మనిషిని గురువారం పంపుతామన్నారు. గురువారానికి అక్కడ రంగు కూడా ఆరిపోతుంది.

గూటి లోపలి దాకా కనిపించే చోటు ఒక్కటే ఉంది. ఎదురు బిల్డింగు డాబా. అది నన్జియో ఫెరాంటే రాజ్యం. నలభై ఏళ్ళుగా అక్కడ పావురాలు పెంచుతున్నాడు. కిందటేడు డేగ అతని కళ్ళ ముందే చుక్కల ఆడపావురాన్ని ఎత్తుకుపోయింది. అతను గుప్పెట్లో ఈకలు పట్టుకుని వీధిలోకి దిగి వస్తే, ఇరైదా బైనాక్యులర్ దించకుండానే, "డేగ కూడా తినాలి కదా!" అంది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. నోరు జారానని ఆమెకు ఆ సాయంత్రమే తెలుసు. వెళ్ళి చెప్పడానికి మాత్రం ఏడాది పట్టింది. అదీ అవసరం పడి.

మంగళవారం ఎనిమిదిన్నరకు, కెమెరా మెడలో వేసుకుని, ఏడంతస్తులూ ఎక్కి డాబా తలుపు తోసింది. నన్జియో పావురాల కొట్టంలో గింజలు చల్లుతున్నాడు.

"దారి తప్పావా?"

"గూడు తీసేస్తున్నారు. ఇక్కణ్ణుంచి ఫోటో తీసుకోవాలి."

"తీసేయనీ. డేగ కూడా తినాలన్నావుగా? మేనేజరు కూడా రంగు వేసుకోవాలి."

"ఆ మాట తప్పు నన్జియో. నీ చేతిలో ఈకలు చూసి కూడా అన్నాను. ఎవరైనా నాతో అలా అంటే పళ్ళు రాలగొట్టేదాన్ని." ఆగి, గడ్డం ఎత్తింది. "డేగ తరఫున మాత్రం క్షమాపణ చెప్పను."

"అది చెప్పినా నేను తీసుకోను!" అని గింజల డబ్బా కింద కొట్టినట్టు పెట్టాడు. కాసేపటికి గోడవైపు తల ఊపాడు. "చూసుకో, పో."

ఇరైదా గోడమీంచి చూసింది. గూడంతా కనిపిస్తోంది గానీ, ఆడడేగ నిండుగా పరుచుకుని కూర్చుంది. వీధి మలుపులో క్రేను తిరిగింది. అది గోడకు ఆని, మనిషి నిలబడే బుట్ట పైకి లేవడం మొదలైంది. డేగ తల తిప్పి చూసిందే తప్ప కదల్లేదు.

"లేవవే తల్లీ, ఒక్కసారి లే," అంది ఇరైదా.

వెనకాల గడియ చప్పుడైంది. నన్జియో కొట్టం తలుపు బార్లా తెరిచి, నల్లగుడ్డ కట్టిన పొడుగు గెడతో పావురాలను అదిలించాడు. ఇరవై ఏడు పావురాలు ఒక్కసారిగా వీధి మీదికి లేచాయి.

"పిచ్చెక్కిందా? అది పట్టుకుంటుంది!"

"నాకు తెలీదా? దాంతో గొడవ నాది. మధ్యలో ఆ రంగు డబ్బాలవాడెవడు తీర్పు చెప్పడానికి? నువ్వు కెమెరా చూడు!"

డేగ లేచి నిలబడింది. రెక్కలు విప్పింది. దాని కాళ్ళ మధ్య గోధుమ మచ్చల తెల్ల గుడ్లు రెండు. ఇరైదా ఆపకుండా ఫోటోలు తీసింది. డేగ గుంపు మీదికి దూకింది.

ఆమె కెమెరా స్క్రీను చేత్తో ఎత్తిపట్టి, బస్సులో అరవైమంది పిల్లల్ని కూర్చోబెట్టిన గొంతుతో అరిచింది. "విటాకర్! రెండున్నాయి! ఇప్పుడు ముట్టుకో చూద్దాం!" కిందినుంచి విటాకర్ పైకి చూశాడు. ఫోటో అతని ఫోనుకు చేరాక బుట్ట దిగింది.

పావురాలు ఒక్కొక్కటే కొట్టంలోకి వచ్చాయి. నన్జియో రెండుసార్లు లెక్కపెట్టాడు. ఇరవై ఆరు. గెడ గోడకు ఆనించి, దానికి తల ఆనించుకున్నాడు. ఇరైదా ఈసారి కెమెరా దించింది. పక్కనే నిలబడింది.

మర్నాడు ఆమె మడతకుర్చీ పేవ్‌మెంటు మీద లేదు, అతని డాబా మీద ఉంది. పావురాలు గాల్లో ఉండగా ఆడడేగ గూట్లో మెడ చాచింది.

"నన్జియో! లేస్తోంది!"

అతను గింజల డబ్బా గలగలలాడించి పావురాలన్నిటినీ లోపలికి పిలిచి, గడియ పెట్టాడు. డేగ వచ్చి, పావురాల్లేని డాబా మీద ఒక చుట్టు తిరిగింది.

"మరి దానికి ఆకలేస్తేనో?" అన్నాడు ఓరగా చూస్తూ.

"ఊరినిండా ఎలుకలే," అంది ఇరైదా బైనాక్యులర్ దించి. "వెళ్ళి పట్టుకోమను."