సరేనన్న బండలు

బుచ్చిరాములు సుత్తె ఎత్తి బండ నడిమిన ఒక్క దెబ్బ వేసి, తలెత్తి పెండ్లాం వంక చూశాడు. అవతల గుండురాయి నీడన కూర్చున్న కిష్టవ్వ ఆ మోత విని తల వంచింది. తల వంచితే బండ గట్టిది. అడ్డంగా ఊపితే లోపల నెర్రె ఉన్నట్టు.

నెర్రె లేని బండ కంచులా మోగుతుంది. ఉన్నది పగిలిన కుండలా బొంగురుగా పలుకుతుంది. బుచ్చిరాములుకు రెండూ ఒకటే అయి చాలా కాలమైంది. పోలీసు యాక్షన్ జరిగిన ఏడు ఈ గుట్ట మీదే మందుగుండు దగ్గర్లో పేలి ఒక చెవి పోయింది. రెండోది సుత్తె దెబ్బలకే మెల్లమెల్లగా మూసుకుపోయింది.

ఈ సంగతి రోడ్డు పని చూసే రహమాన్ మేస్త్రికి తెలిస్తే ఇక పని ఉండదు. ఇవి జగిత్యాల రోడ్డు తూముల మీద పరిచే బండలు. వాటి మీదుగా లారీలు పోతాయి. చెవిటివాడు మోగించిన బండను ఎవరు నమ్ముతారు?

నెర్రె పుట్టుక అతనికి తెలియనిది కాదు. రాయి చీల్చడానికి వరసగా తొలిచిన బెజ్జాల్లో ఇనుప చీలలు దింపేటప్పుడు ఒకదాని మీద దెబ్బ ఎక్కువైతే చాలు, బెజ్జం అడుగున, ఎవరూ చూడని చోట, పగులు మొదలవుతుంది. అక్కడితో ఆగదు. పగటి ఎండకు, రాత్రి చలికి, మీద పడ్డ ప్రతి బరువుకూ ఇంత ఇంత జరుగుతూ పోయి ఒకనాడు బండను రెండు చేస్తుంది. అందుకే అతడు చీలలన్నిటినీ చిన్న దెబ్బలతో సమంగా దింపేవాడు. అయినా చివరి మాట కిష్టవ్వ చెవిదే.

రహమాన్ సైకిలు దిగి వచ్చాడు.

"ఏం బుచ్చిరాములూ, పొద్దూకంగ బండ్లొస్తయి. అన్ని బండలు అయితయా?"

పెదవులు చూసినా అతనికి సగమే అందింది. కిష్టవ్వ అందుకుంది.

"అయితయి సాబ్. ఫికర్ చెయ్యకుండ్రి."

"నిన్నడుగలే. నీ మొగనికి నోరు లేదా?"

"పెండ్లినాడే నాకిచ్చిండు సాబ్. ఇగ వాపసియ్య."

రహమాన్ నవ్వుకుంటూ పోయాడు. సైకిలు మలుపు తిరిగాక ఆమె వచ్చి మొగుడి భుజం మీద గుద్దింది. ఆమె పెదవులు మాత్రం అతనికి కంఠతా వచ్చు.

"గట్ల గుడ్లప్పగించి చూస్తవేందయ్యా! తలకాయన్న ఊపరాదు?"

"ఏమన్నడో ఎర్కయితే గద!"

ఆమె నవ్వబోయి దగ్గింది. రాతిదుమ్ము దగ్గు. రొమ్ము పట్టుకుని కాసేపు వంగి నిలబడింది.

"ఇంటికి పోరాదే."

"నేను పోతే నీకు చెవులెవలిస్తరు?" అని, మళ్లీ గుండురాతికి వీపు ఆనించి కూర్చుంది.

వారమంతా చీల్చిన బండలు వరసగా పరిచి ఉన్నాయి. ఒక్కొక్కదాని అంచులు సరిచేసి మోగించాడు. చూశాడు. తల వంచింది. పక్కదానికి పోయాడు. మోగించి చూస్తే తల వంచే ఉంది. ఆ పక్కదానికీ అంతే.

"ఇయ్యాల చెయ్యి మంచిగున్నదే!" అని అరిచాడు. ఆమె బదులివ్వలేదు. బెట్టు చేస్తోందనుకున్నాడు. వరస చివరిదాకా ఒక్కటీ పాడు కాలేదన్న సంబరంతో సుత్తె ఆడించాడు.

నీడ జరిగి ఎండ ఆమె నెత్తి మీదికి వచ్చింది. ఆమె జరగలేదు. అతడు సుత్తె వదిలి పోయి ఆమె గదవ పట్టి ఎత్తాడు. చెయ్యి తీస్తే తల మళ్లీ వంగింది.

పొద్దూకేసరికి బండ్లతో వచ్చిన రహమాన్ ఆ ఇద్దరినీ చూసి నిలబడిపోయాడు. కిష్టవ్వను ఇంటికి చేర్చడానికి ఒక బండి పురమాయించాడు. మిగతా బండ్లవాళ్లు బండల దగ్గరికి పోతుంటే బుచ్చిరాములు లేచి అడ్డం నిలబడ్డాడు.

"ఎత్తకుండ్రి సాబ్. నాకు ఇనవడది. చానేండ్లాయె. ఆమె తలకాయ వంచితెనే నేను బండ ఇచ్చేది. ఇయ్యాల... ఏ బండ కాడ పాణం పోయిందో నాకెర్క లేదు."

రహమాన్ ఎదురుగా వచ్చి, అతనికి కనబడేలా పెదవులు నెమ్మదిగా కదిపాడు.

"ఇంకొకనితోని చూపిస్త. నువ్వు నడువు."

మరునాడు వేరొకడు వచ్చి అన్నీ మోగించి, మంచివి బండ్లకెత్తించాడు. కర్మకాండ అయ్యాక బుచ్చిరాములు కూతురి దగ్గరికి బెల్లంపల్లి పోయాడు. గుట్ట మీద, ఆ మనిషి పక్కన పెట్టిన ఒక్క బండ మిగిలింది. వాన వెలిసినప్పుడల్లా బండంతా ఆరిపోయినా, మూలనున్న బెజ్జం నుంచి నడిమి దాకా సన్నని తడి గీత ఒకటి చాలాసేపు ఆరకుండా ఉంటుంది.