పెన్సిలు సూర్యుడు

వడ్రంగికి అక్షరాలు రావు. అందుకని కిటికీ చట్రం చేసినప్పుడల్లా, గోడలోకి పోయే పక్కచెక్క మీద, బయటికి ఉండాల్సిన అంచు దగ్గర పెన్సిలుతో చిన్న సూర్యుణ్ణి గీసేవాడు. తాపీమేస్త్రి ఆ బొమ్మ చూసి చట్రం నిలబెట్టేవాడు. ఆ మేస్త్రి ఎవరో కాదు, వడ్రంగి భార్యకు తమ్ముడే. పద్దెనిమిదేళ్లుగా వాళ్లిద్దరికీ అదే గుర్తు.

ఒకసారి ఓ కొత్తింట్లో వంటగది కిటికీకి రెక్కలు బిగించబోయి వడ్రంగి నిలువునా ఆగిపోయాడు. రెక్క కూర్చునే గాడి బయటివైపు ఉండాలి. లోపలికి ఉంది. రెక్క తెరిస్తే వచ్చి కుళాయికి ఠంగుమని కొట్టుకుంది.

ఇంటావిడ చూడనే చూసింది. మేస్త్రీ కూలీలూ అక్కడే ఉన్నారు. "ఇంతకీ కిటికీ పెట్టేది ఎవరయ్యా? నువ్వా, అతనా?"

"చెయ్యడం వరకే నా పనమ్మా. గోడలో నిలబెట్టేది వాడు. మా అత్తగారు వీణ్ణి కూడా తిరగేసే కన్నట్టుంది."

కూలీలు పగలబడి నవ్వారు. మేస్త్రి ఉలీ సుత్తీ తీసుకుని చట్రం చుట్టూ సిమెంటు కొట్టడం మొదలుపెట్టాడు.

"ఇది ఊడదీసి వెళ్లిపో. రేపట్నుంచి వేరే మేస్త్రిని పిలుచుకుంటా," అనేసి ఆవిడ వరండాలోకి వెళ్లిపోయింది.

చట్రం వదులయ్యాక దించడానికి వడ్రంగి ఒక చెయ్యి వేశాడు. పెళ్లలు రాలి పక్కచెక్క బయటపడింది. గాడి ఒక అంచున ఉంది. సూర్యుడు రెండో అంచున ఉన్నాడు. మేస్త్రి తడి బొటనవేలితో గబగబా రుద్దేశాడు గానీ, వడ్రంగి అప్పటికే చూశాడు. టీ చల్లారిపోతోందని, చట్రం బల్ల మీద బోర్లా ఉండగానే, గాడి ఎటుందో చూడకుండా గీసేసిన సంగతి గుర్తొచ్చింది.

"నీకు ముందే తెలుసా?"

"పెట్టేటప్పుడే అనుమానం వచ్చింది బావా. కానీ నీ సూర్యుడు ఎప్పుడూ తప్పలేదుగా. లోపలికి తెరుచుకునే కిటికీ కాబోలు అనుకున్నా."

"మరి ఇందాక చెప్పవేం?"

"అంతమందిలో ఏం చెప్పను? అక్క మొగుడివి."

వడ్రంగికి తల కొట్టేసినట్టయింది. వాడు నాలుగు తిట్టినా బాగుండేది. బయటికి పోదామని చెప్పులు వెతుక్కున్నాడు. అవి కాళ్లకే ఉన్నాయి. అలాగే వరండాలోకి వెళ్లాడు.

"అమ్మా, తప్పు వాడిది కాదు. గుర్తు నేనే తప్పు పెట్టాను. మానిపిస్తే నన్ను మానిపించండి."

ఆవిడ వంటగది వైపు చెయ్యి చూపించింది. "అందరి ముందూ అన్నావుగా, అందరి ముందే చెప్పు. తర్వాత ఇద్దరూ కలిసి పెట్టండి."

లోపలికొచ్చి చెప్పాడు. కూలీల్లో ఒక్కరూ నవ్వలేదు. నవ్వుంటే అతనికి కాస్త తేలికయ్యేది. మేస్త్రి చెవి మీద పెట్టుకున్న పెన్సిలు తీసి అతని చేతికిచ్చాడు.

"గియ్యి బావా."

గీత జారి సూర్యుడు పొడుగ్గా సాగిపోయాడు.

"ఇదేంటి, కోడిగుడ్డా?" అన్నాడు మేస్త్రి.

ఈసారి అందరూ నవ్వారు. వడ్రంగి మాత్రం తల ఎత్తకుండా, గాడి ఎటుందో మళ్లీ వేలితో తడిమి చూసుకున్నాడు.